కరోనాలో ఫీల్డ్‌వర్క్: ఫోన్ చేయాలా, వాయిస్ అడగాలా, గల్లీకి వెళ్లాలా, అసలు ఆగాలా?

2020 మార్చి తర్వాత ఎవరికి ఫోన్ కలిపినా ముందు దగ్గు వినిపించేది. ఆ తర్వాత చేతులు కడుక్కోమనే గొంతు, ఆ తర్వాతే రింగు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల జీతాల మీద ఒక చిన్న అధ్యయనం కోసం ఆ దగ్గు నేను కొన్ని వందల సార్లు విన్నాను. హైదరాబాద్‌లో అప్పట్లో సోషల్ సైన్స్ పరిశోధన చేస్తున్న అందరిదీ ఒకటే టెన్షన్. బస్తీకి వెళ్లలేం, ఫోన్‌లో సగమే తెలుస్తుంది, ఆపేస్తే ఫెలోషిప్ గడువు దాటిపోతుంది. ఆ రోజులు పోయాయి కానీ ప్రశ్నలు పోలేదు. ఏటా ఇద్దరు ముగ్గురు స్కాలర్లు అడుగుతూనే ఉంటారు. డెంగీ ముదిరిన బస్తీకి ఇప్పుడు వెళ్లొచ్చా, ఇంట్లో ఒకరు జ్వరంతో పడుకుని ఉంటే కూర్చుని ప్రశ్నలు అడగొచ్చా, రేపు ఇంకో మాయరోగం వస్తే ఏం చేయాలి అని. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఏ పద్ధతిలో డేటా ఎక్కువ వస్తుందో చూసి ఎంచుకోకండి. ఎదుటి మనిషికి 'నాకు వద్దు' అనడం ఏ పద్ధతిలో తేలికో చూడండి. మామూలు రోజుల్లో మనం నచ్చకపోతే వాళ్లు పనికి టైమైందని లేచి వెళ్లిపోతారు. లాక్‌డౌన్‌లో లేచి వెళ్లడానికి పని లేదు, చోటూ లేదు. పైగా పనుల్లేక చేతిలో పైసల్లేనప్పుడు, పేరు రాసుకునే ప్రతి మనిషీ ఏదో ఇచ్చే మనిషిలాగే కనిపిస్తాడు. అలాంటప్పుడు 'వద్దు' అనాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యం అవసరం లేకుండా చేయడం మన పని.

ముందు ఆగడం గురించి

ఆగడాన్ని చాలామంది ఒక పద్ధతిగానే చూడరు, ఓడిపోవడంగా చూస్తారు. నా దృష్టిలో మొదట తూచాల్సింది అదే. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలనే దేశం వాయిదా వేసుకుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత రెండో దశ లాక్‌డౌన్‌లో మధ్యలో ఆగి, చివరికి 2021 ఏప్రిల్‌లో ముగిసింది. అంత పెద్ద సర్వేలే ఆగినప్పుడు మన థీసిస్ అధ్యాయం ఆగితే కొంపలేం మునగవు. యూజీసీ కూడా ఎంఫిల్, పీహెచ్‌డీ వాళ్లకు ఆరు నెలల గడువు పెంచాలని 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది.

అయితే అన్నీ ఆగవు. ఆగితే ఏం పోతుందో ఒక కాగితం మీద రాయండి. ఊరికి నడిచి వెళ్లిన మనిషికి ఎక్కడ తిన్నాడో, ఎవరు అడ్డుకున్నారో ఆరు నెలల తర్వాత ఆ వరసలో గుర్తుండదు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. అందులో వెళ్లినవాళ్లు ఆ వారం ఏం అనుకున్నారో ఆ వారం అడగాల్సిందే. పిల్లల చదువు మీద తల్లుల అభిప్రాయం లాంటిది ఏడాది ఆగినా దొరుకుతుంది, బహుశా ఇంకా బాగా దొరుకుతుంది. కాగితం మీద మీరు రాసినదాంట్లో 'ఫెలోషిప్ అయిపోతుంది' తప్ప ఇంకేం లేకపోతే ఆపేయండి. అది మీకూ మీ గైడ్‌కూ మధ్య విషయం. దాని బరువు బస్తీ మోయకూడదు.

ఫోన్

దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట దీని మీదే పడతారు. ఎవరికీ రోగం అంటదు కాబట్టి ఎవరికీ హాని లేదనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

బోరబండ వైపు ఉండే ఒకావిడ మూడు ఇళ్లలో పనిచేసేది. మొదటి రోజు ఫోన్ ఎత్తి అన్నిటికీ చకచకా జవాబు చెప్పింది. ఏప్రిల్ జీతం ఇచ్చారా? "ఇచ్చిన్రు." మూడిళ్లలోనూ? "ఆ, ఇచ్చిన్రు." ఇంట్లో ఇబ్బంది ఏమన్నా? "ఏం లేదు, బాగనే ఉన్నం." నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను. మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఆమే మిస్డ్ కాల్ ఇచ్చింది. తిరిగి చేస్తే వెనక నీళ్లు పడుతున్న చప్పుడు. "అక్కా, బిల్డింగ్ మీదికెక్కిన. ట్యాంకు కాడ ఉన్న. మొన్న ఆయన స్పీకర్ పెట్టిండు. రెండిండ్లల్ల పైసలియ్యలే. ఇయ్యలేదంటే ఆళ్లింటికి పోయి లొల్లి చేస్తడు, ఉన్న పని పోతది. అందుకే ఇచ్చిన్రన్న."

ఫారంలో మాత్రం జీతం 'అందింది' అని ఉంది. అప్పటికి అలాంటి ఫారాలు నలభై దాకా నింపి పెట్టుకున్నాను. వాటిలో స్పీకర్ మీద నిండినవి ఎన్నో నాకు ఈరోజుకీ తెలియదు. మళ్లీ మొదటి నుంచి చేశాం.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. మొదటి ఫోన్‌లో అధ్యయనం ఊసే ఎత్తం. మనమెవరో చెప్పి, ఎప్పుడు చేస్తే వీలో అడిగి పెట్టేస్తాం. ఆ వీలు వాళ్లు చెప్పాలి. నల్లా వచ్చే టైముకు చేస్తే తిట్లే, రోజు విడిచి రోజు వచ్చే నీళ్ల ముందు మన ప్రశ్నలెంత? 'పక్కన ఎవరన్నా ఉన్నారా' అని నేరుగా అడగకూడదు, పక్కనున్నవాళ్లకే అది మొదట వినిపిస్తుంది. ప్రశ్నలన్నీ 'ఆ', 'లేదు' అనేస్తే సరిపోయేలా రాసుకుంటే, స్పీకర్ పెట్టనంతవరకు పక్కనుండి వినే మూడో మనిషికి విషయం అంతు పట్టదు. జీతం గురించి నేను అడుగుతాను, ఆమె 'ఆ' అంటుంది, అంతే. ఎవరన్నా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు ముందే అనుకుంటాం. ఆ గుర్తు వాళ్లే పెట్టుకుంటారు. ఒకావిడ "గ్యాస్ ఇంకా రాలేదమ్మా" అని పెట్టుకుంది. ఇంకొకావిడ "రాంగ్ నెంబరు" అనేది, అది ఇంకా మేలు, ఎందుకంటే ఆ మాట అన్నాక నేను తిరిగి చేసే వీలే ఉండదు.

ఇరవై నిమిషాలు దాటించకండి. గంట సేపు ఫోన్ చెవికి పెట్టుకుని ఒక ఆడమనిషి ఎవరితో మాట్లాడుతోందని చూసేవాళ్లు ఒక గది ఇంట్లో నలుగురుంటారు. మొగుడు కొడతాడా అనే ప్రశ్న ఫోన్‌లో అడగొద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆమె తానుగా చెప్తే వినండి, 181 హెల్ప్‌లైన్ సంగతి నోటితో చెప్పండి. మెసేజ్ పెట్టకండి, ఫోన్ ఆమె ఒక్కదాని చేతిలోనే ఉండదు.

ఇంకో చిక్కు నమ్మకం. కొత్త నెంబర్ నుంచి వచ్చి నెలకు ఎంతొస్తుందని అడిగేవాడు మోసగాడే అని జనం నేర్చుకున్నారు, మంచిదే నేర్చుకున్నారు. ఆధార్ అడగను, బ్యాంకు సంగతి అడగను, ఓటీపీ అడగను అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మీ డిపార్ట్‌మెంట్ ఆఫీసు నెంబరు ఇచ్చి, అక్కడికి ఫోన్ చేసి నేను నిజమో కాదో కనుక్కోండి అనండి. నూటికి ఒక్కరు కూడా చేయరు. కానీ చేసుకోవచ్చు అన్న మాట వాళ్ల చేతికి ఒక పట్టు ఇస్తుంది.

ఫోన్ అసలు ఎవరిని వదిలేస్తుందో కూడా చూడాలి. పైన చెప్పిన ఐదో విడత సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు 54 శాతమే. ఫోన్‌లో మాత్రమే సర్వే చేసి 'హైదరాబాద్ మహిళలు' అని శీర్షిక పెట్టేస్తే, చాలామందిని చెప్పాపెట్టకుండా తీసేసినట్టే. కనీసం ఆ సంగతి వ్యాసంలో మొదటి పేజీలోనే ఒప్పుకోండి, చివర్లో 'పరిమితులు' కింద దాచకండి.

వాట్సాప్ వాయిస్, వీడియో కాల్

వాయిస్ మెసేజ్ నాకు బాగా నచ్చిన పద్ధతి. ఫోన్‌లో ఒకేసారి అడిగి రాబట్టాలి. వాయిస్‌లో మనం రోజుకో ప్రశ్న పంపుతాం, వాళ్లకు వీలున్నప్పుడు చెప్తారు, నచ్చకపోతే చెప్పరు. 'వద్దు' అనడానికి ఊరుకుంటే చాలు, నోరు తెరిచి ఎవరినీ నొప్పించక్కర్లేదు. అడ్డా కూలీ ఒకాయన పొద్దున అడ్డా మీద నిలబడే ఆరు గంటలకు రోజూ ఒక నిమిషం వాయిస్ పెట్టేవాడు. "ఈ రోజు ఇరవై మందిమి వచ్చినం, ఇద్దరిని తీస్కపోయిన్రు" అంటూ. వెనక బండ్ల హారన్లు, ఎవరో మేస్త్రీని పిలవడం, అన్నీ అందులోనే. నేను వెళ్లి కూర్చున్నా అంత బాగా రాయలేను.

దీనిలో గొయ్యి వేరే చోట ఉంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేనివాళ్లు ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌నే పట్టుకున్నారు. అంటే తల్లి పెట్టిన వాయిస్ పిల్లవాడి చేతిలో ఉంది. మనం పంపిన ప్రశ్న కూడా అక్కడే ఉంది. కాబట్టి ప్రశ్నలో విషయం ఉండకూడదు. 'నిన్నటి సంగతి చెప్పండి' అంటే చాలు, నిన్నటి సంగతి ఏమిటో ఇద్దరికీ తెలుసు. విన్న వెంటనే ఇరువైపులా తీసేయాలి, అలా తీసేయడం ఎలాగో వాళ్లకు ముందే నేర్పాలి. గ్రూప్ పెట్టకండి. గ్రూప్‌లో చేరిన క్షణాన అందరి నెంబర్లు అందరికీ తెలిసిపోతాయి, ఇక గోప్యత గురించి ఎన్ని ఫారాలు నింపినా దండగ.

వీడియో కాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆఫీసర్లతో, టీచర్లతో, ఎన్జీవో వాళ్లతో మాట్లాడటానికి హాయి. బస్తీ ఇళ్లకు వద్దు. డేటా ఖర్చు ఒకటి, కెమెరాలో ఇల్లంతా కనిపించడం ఇంకొకటి. మనం ఇంటికి వెళ్తే చాప వేసి, దుప్పట్లు సర్ది, కూర్చోమంటారు. కెమెరా ఆ అవకాశం ఇవ్వదు.

బస్తీలోనే ఒకరిని పెట్టుకోవడం

2020లో చాలా ప్రాజెక్టులు ఈ దారి పట్టాయి. బస్తీలో చదువుకున్న అమ్మాయినో, సంఘం లీడర్‌నో పెట్టుకుని, ట్యాబ్ ఇచ్చి, మనం ఇంట్లో కూర్చుని ఫారాలు అందుకోవడం. చెప్పుకోవడానికి బాగుంటుంది: స్థానికులకు ఉపాధి, స్థానిక జ్ఞానం. నాకు మాత్రం ఇది అన్నిటికంటే అనుమానంగా చూడాల్సిన దారి. మనకు వద్దనుకున్న రిస్క్‌ను మనకంటే తక్కువ డబ్బున్న మనిషికి అప్పజెప్పడం కదా ఇది. ఆమెకు రోగం వస్తే ఆమె ఇంట్లో వేరే గది ఉందా? గాంధీ ఆస్పత్రిలో బెడ్ దొరక్కపోతే ప్రైవేటు బిల్లు ఎవరు కడతారు? ఈ రెండిటికీ ప్రాజెక్టు బడ్జెట్‌లో జవాబు లేకపోతే మనిషిని పెట్టుకోవద్దు.

ముఖ్యంగా ఆశా వర్కర్లనూ అంగన్‌వాడీ టీచర్లనూ అడగకండి. వాళ్లు ఆ రోజుల్లో జ్వరం సర్వేకు ఇల్లిల్లూ తిరుగుతున్నారు, మన పని కూడా నెత్తిన పెడితే కాదనలేరు. పైగా జనం దృష్టిలో ఆశా అంటే సర్కారు. అప్పటికి కొద్ది నెలల ముందే పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) మీద పాతబస్తీ నుంచి ట్యాంక్‌బండ్ దాకా నిరసనలు జరిగాయి. ఇంటికొచ్చి కుటుంబంలో ఎవరెవరున్నారని రాసుకునే కాగితం చూస్తే చాలా ఇళ్లలో భయం. ఆ భయం మీద రోగం భయం, పట్టుకుపోయి క్వారంటైన్‌లో పెడతారన్న భయం. ఆశా వెంట మన ప్రశ్నావళి వెళ్తే మనం కూడా ఆ లెక్కలోకే వెళ్తాం.

ఇంకోటి ఎవరూ ఆలోచించనిది: అదే గల్లీ అమ్మాయికి గల్లీలోవాళ్లు అప్పుల సంగతి చెప్పరు. రేపు నల్లా దగ్గర ఆమే కనిపిస్తుంది. బయటివాళ్లం కాబట్టే మాతో కొన్ని మాటలు అన్నారు. అందుకే స్థానికురాలిని పెట్టుకుంటే ఆమె ఉన్న బస్తీలో కాకుండా పక్క బస్తీలో పని ఇవ్వండి, ఫోన్‌లోనే చేయించండి, సగంలో మానేసినా ఆ నెల జీతం ఆగదని రాసివ్వండి. వ్యాసంలో ఆమె పేరు పెట్టాలా అన్నది ఆమెనే అడగండి. కొందరికి కావాలి, కొందరికి వద్దు.

మనమే వెళ్లడం

మెట్రో 2020 సెప్టెంబర్ 7న మళ్లీ నడిచింది, సిటీ బస్సులు ఆ నెలాఖరుకు రోడ్డెక్కాయి. అప్పటికి చాలామందికి ఇక వెళ్లిపోవచ్చనిపించింది. మనకు రోగం వస్తుందేమో అన్న భయంతోనే అందరూ లెక్క వేసుకున్నారు. నిజానికి తిరగేయాలి. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి రోగాన్ని అంటించగలడు. నాలుగు బస్తీలు తిరిగే సర్వేయర్ కంటే మంచి వాహనం దానికి ఇంకేం కావాలి? ఒక్కో రోజు ఒక్క బస్తీ, రెండు బస్తీల మధ్య వారం పది రోజుల ఎడం, అరవై దాటినవాళ్లున్న ఇంట్లోకి అడుగు పెట్టకపోవడం, ఇలా మా నియమాలు మేం పెట్టుకున్నాం. మాట్లాడితే ఆరుబయట, బిల్డింగ్ మీద, చెట్టు కింద. అయితే ఆరుబయట గాలి ఎంత ఆడుతుందో మాట కూడా అంత దూరం వినిపిస్తుంది. అప్పులు, జీతం, జబ్బు గురించి చెట్టు కింద అడగలేం. అందుకే మేం రెండుగా విడగొట్టాం: వెళ్లినప్పుడు చుట్టూ చూడటం, పలకరించడం, పనికొచ్చే మామూలు కబుర్లు. లోపలి సంగతులు తర్వాత ఫోన్‌లో. ముఖం చూసిన మనిషితో ఫోన్‌లో మాట తేలిగ్గా నడుస్తుంది. చాలా అధ్యయనాలకు ఈ జోడింపే సరిపోతుందని నా అనుభవం.

చాయ్ దగ్గర అందరూ తడబడతారు. పరిశోధన వల్ల మనుషులకు హాని లేదని నింపే ఎథిక్స్ ఫారంలో ఎక్కడా ఉండదు కానీ గల్లీలో మొదటి పరీక్ష అదే. వద్దంటే ఒక పెద్దాయన అనేశాడు: "ఏంది బిడ్డా, మా ఇంట్ల కరోనా ఉందనుకున్నవా?" మాస్కు తీసి తాగితే నియమం పోతుంది, తాగకపోతే మనిషి పోతాడు. తర్వాత్తర్వాత గడప దాటకముందే చెప్పడం నేర్చుకున్నాను: "నేను పది మందిలో తిరిగొస్తున్నాను పెద్దనాన్నా, నా వల్ల మీకు రావొద్దు, రోగం తగ్గినాక వచ్చి రెండు కప్పులు తాగుతా." అనుమానం వాళ్ల మీద కాకుండా నా మీద వేసుకుంటే ఎవరూ నొచ్చుకోలేదు.

మరుసటి రోజు మీకే పాజిటివ్ వస్తే? ఇది వెళ్లకముందే తేల్చుకోవాలి. ఎవరెవరిని కలిశారో అప్పట్లో అధికారులకు చెప్పాల్సి వచ్చేది, కానీ వాళ్ల పేర్లు బయటపెట్టనని మాటిచ్చారు. మేం సమ్మతి అడిగేటప్పుడే ఒక వాక్యం కలిపాం: నాకు రోగం తేలితే ముందు మీకే ఫోన్ చేస్తాను, ఇతరులకు మీ నెంబర్ ఇవ్వాలంటే అప్పుడు మళ్లీ అడుగుతాను, చట్టప్రకారం తప్పనిసరైతే అదీ చెప్తాను. కొందరు ఆ వాక్యం వినగానే 'అయితే ఫోన్‌లోనే అడుగు' అన్నారు. మంచిదే, అడిగిన పని అదే చేసింది.

చేతిలో కాగితం, చేతికి పైసలు

2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డు ఇళ్లకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోలు, 500 రూపాయలు. అక్టోబర్‌లో వరదలొచ్చాక మునిగిన ఇళ్లకు పది వేలన్నారు. నవంబర్‌లో మీసేవల ముందు తెల్లవారకముందే లైన్లు. ఆ ఏడాది చేతిలో ప్యాడ్ పట్టుకుని గల్లీలో నిలబడితే పది నిమిషాల్లో పదిహేను మంది ఆధార్ జిరాక్సులతో వచ్చేవారు. "మేడం, మాది గూడ రాసుకో." మీరు ఎంత విడమరిచి చెప్పినా, 'ఏమీ రాదు' అన్న మాట చెవికెక్కదు. అప్పుడు తీసుకున్న సంతకం సమ్మతి కాదు, ఆశ. కాగితం, ప్యాడ్, ఐడీ కార్డు తాడు ఇంట్లో పెట్టి వెళ్లండి. సహాయం పంచే వారంలో, పంచే చోట అసలు వెళ్లకండి.

మరి ఏమీ ఇవ్వకూడదా? బేగంపేటలో పాత విమానాశ్రయం పక్కన రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ పేరున్న భవనం ఉంది. 1897 ఆగస్టు 20న ఆయన అక్కడే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, కుట్టిన దోమకు ఒక అణా లెక్కన ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆ అణా ఎక్కువా తక్కువా అన్న చర్చ మన ఊళ్లో అప్పుడే మొదలైందన్నమాట. నా వరకు తక్కువివ్వడం దోపిడీ, ఎక్కువివ్వడం ఎర. మేం ఒక రోజు కూలీలో మూడో వంతు అనుకుని అందరికీ అంతే పెట్టాం, మాటలు మొదలవకముందే ఇచ్చాం, మధ్యలో పెట్టేసినా వెనక్కి అడగమని చెప్పాం. ఫోన్ మీద అయితే రీఛార్జ్. డబ్బు వేయాలంటే యూపీఐ పేరూ నెంబరూ మన బ్యాంకు ఖాతాలో మిగిలిపోతాయని మర్చిపోకండి. గోప్యత కావాలన్నవాళ్లకు రీఛార్జే మేలు, లేదా కిరాణా కొట్టులో వాళ్ల పేరు చెప్పకుండా సామాను.

ఆ తర్వాత కంప్యూటర్‌లో

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. ఒక నివేదికలో పేర్లన్నీ తీసేశాం, బస్తీ పేరు కూడా. కానీ ఒక చోట 'ఆ గల్లీలో మొదటి కేసు, ఇంటి ముందు కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడ' అని రాశాం. నివేదిక బస్తీలో పనిచేసే ఒకరికి పంపాం, అక్కడి నుంచి పీడీఎఫ్ గల్లీ గ్రూప్‌లోకి వెళ్లింది. తలుపు మీద క్వారంటైన్ స్టిక్కర్ అతికిన నెల, ఎవరూ కుట్టడానికి జాకెట్టు ఇవ్వని నెల ఆమె ఎలాగో దాటింది. మా పేరా వచ్చి అందరికీ మళ్లీ గుర్తు చేసింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు, ఫోన్ ఎత్తడం మానేసింది. పేరు తీయడం ఒక్కటే గోప్యత కాదు. రోగం ఉన్న కాలంలో వృత్తి, ఇల్లు, ఎన్నో కేసన్న వరస, మూడూ కలిస్తే పేరే. ఇప్పుడు మేం రాసినదాన్ని ఆ గల్లీ మనిషిలా చదివి, ఎవరో పోల్చుకోగలిగితే మార్చేస్తాం, కుట్టుమిషన్‌ను ఇంకేదైనా చేసేస్తాం.

2023 డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. చట్టం వదిలిందని ధైర్యపడి రికార్డింగులు పెట్టుకోకండి. రాసుకున్నాక ఆడియో తీసేయండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలూ, కరోనా కోసం 2020 ఏప్రిల్‌లో ఎథిక్స్ కమిటీలకు విడిగా ఇచ్చినవీ చదవండి. ఆరోగ్యం మీద పని చేయకపోయినా ప్రశ్నలు వేసుకోవడానికి పనికొస్తాయి. కమిటీ ముద్ర పడింది కదా అని అక్కడితో వదిలేస్తే మాత్రం లాభం లేదు, కుట్టుమిషన్ వాక్యాన్ని ఏ కమిటీ చూడదు.

మరి ఎవరి దగ్గరికి ఏ దారి?

నన్ను అడిగితే: ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో ఫోనే, కానీ వాళ్లిచ్చే మిస్డ్ కాల్‌కు తిరిగి చేసే పద్ధతిలో. అడ్డా కూలీలకు వాయిస్. ఒంటరి ముసలివాళ్లకు ఫోన్ మంచిదే, అయితే ఒక్కసారి చేసి వదిలేయకండి. వాళ్లకు ప్రశ్నలకంటే మాట కావాలి, అధ్యయనం అయ్యాక మీరు మాయమైతే ఇంకో దెబ్బ. 14567 పెద్దల హెల్ప్‌లైన్ నెంబరు చెప్పి ఉంచండి. నర్సులు, ఆశాలు, అంబులెన్స్ డ్రైవర్లు: కేసులు తగ్గేదాకా ఆగండి, డ్యూటీ దిగిన మనిషి నిద్ర మన డేటా కంటే విలువైంది. సొంతూరికి వెళ్లిపోయిన ఒడియా, బిహారీ కూలీలకు వాళ్ల భాషలో మాట్లాడే మనిషి లేకుండా ఏ పద్ధతీ వద్దు.

ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి మాత్రం ఏ పద్ధతిలోనూ వెంటనే వెళ్లొద్దు. 2021 మేలో తండ్రి పోయిన ఒకాయన్ని నేను జూన్‌లో అడిగాను. ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి, ఇంటికి తేకుండానే. తొందరపడ్డానని నాకు అడుగుతుండగానే తెలిసింది. ఆయన కోపం చేసుకోలేదు. "సంవత్సరీకం అయినాక రండి మేడం, అప్పుడు చెప్తా. ఇప్పుడు మా అమ్మ పక్కనే ఉంది" అన్నాడు. నెంబరు, తేదీ డైరీలో రాసుకున్నాను. తర్వాతి ఏడాది జూన్‌లో వెళ్తే వరండాలో కుర్చీ వేశారు, వాళ్లమ్మ కూడా వచ్చి కూర్చుంది. చాలా వరకు ఆమే మాట్లాడింది.